మునెమ్మ జోడీ

కుప్పం స్టేషన్లో బెంగళూరు పాసింజరు కోసం నిలబడి ఉండగా మాలతి ఆ మాట చెప్పింది.

"నాకు ఉద్యోగమొచ్చిందే మునెమ్మా. స్పోర్ట్స్ కోటాలో. మద్రాసులో పోస్టింగు."

మునెమ్మ బ్యాట్ల సంచీ కింద పడేసి మాలతి రెండు చేతులూ పట్టుకుంది. "మనం పెట్టిన అర్జీయేనా? నాకెప్పుడొస్తాదంట?"

మాలతి పట్టాల వైపు చూసింది. "ఒకటే పోస్టంట. ఆడ కంపెనీ టీములో రేవతి అని డబుల్స్ ఆడే పిల్ల ముందే ఉండాది. ఆ పిల్లకి జోడీ కావాలని నన్ను తీసుకున్నారు. మా నాయన సంగతి నీకు తెలుసు కదా. రైల్వే లైను పని ఇంగ చెయ్యలేడు. నేను కాదంటే ఇల్లు గడవదు."

అది 2000వ సంవత్సరం జూన్. మునెమ్మకు ఇరవై నాలుగేళ్లు. ఏడేళ్లుగా ఆమె చౌడేపల్లె దగ్గరి పల్లె నుంచి పుంగనూరుకూ, పుంగనూరు నుంచి పలమనేరు మీదుగా కుప్పానికీ బస్సుల్లో పడి వస్తూనే ఉంది. కుప్పంలో మాలతి ఇంట్లో పడుకునేది. ఇద్దరూ కలిసి ఇక్కడే బండెక్కి బెంగళూరు, సేలం, మద్రాసు, ఎక్కడ టోర్నమెంటుంటే అక్కడికి పోయేవాళ్లు. మాలతి నెట్ దగ్గర, మునెమ్మ వెనక. షటిల్ కాక్ గాల్లో ఉండగానే ఒకరు ఎక్కడికి జరుగుతారో ఇంకొకరికి తెలిసేది. నోరు తెరిచి "నీది", "నాది" అనుకోవాల్సిన అవసరమే ఉండేది కాదు.

"రేపటి టోర్నమెంటు?" అంది మునెమ్మ.

"ఆడతా. ఇదే ఆఖరు."

ఆ బెంగళూరు టోర్నమెంటులో వాళ్లు సెమీఫైనల్ దాకా పోయారు. అంత బాగా ఎప్పుడూ ఆడలేదు. కోర్టు బయట మాత్రం మూడు రోజుల్లో మూడు మాటలు కూడా మాట్లాడుకోలేదు. తిరుగు ప్రయాణంలో కుప్పంలో దిగి, మాలతి తన కొత్త బ్యాటు తీసి మునెమ్మ చేతిలో పెట్టబోయింది. మునెమ్మ తీసుకోలేదు.

"నాది నాకుండాది," అని చెప్పి పలమనేరు బస్సెక్కేసింది.

*

మునెమ్మ మొదట ఆడింది షటిల్ కాదు. పుంగనూరు హైస్కూల్లో ముద్దుకృష్ణ అనే డ్రిల్లు మాస్టారు ఆడపిల్లలకు బాల్ బ్యాడ్మింటన్ నేర్పేవాడు. పసుప్పచ్చ ఉన్ని బంతి, బరువైన బ్యాట్లు, మట్టి కోర్టు, జట్టుకు ఐదుగురు. పొద్దున్నే ఆవులకు నీళ్లు తోడి, పాల క్యానుతో బస్సెక్కి వచ్చే పిల్లకు ఆ బ్యాటు బరువే అనిపించలేదు. మణికట్టు ఇనుపకమ్మీలా తయారైంది. తొమ్మిదో తరగతిలో మాస్టారు ఆమె చేతికి షటిల్ బ్యాటు ఇచ్చి చూశాడు. మునెమ్మ కొట్టిన మొదటి స్మాషుకే కాక్ ఈకలు రాలాయి.

"ఇంత తేలికైన దాంతో ఏమి ఆట సార్?" అందట.

అక్కడి నుంచి వెనక్కి చూడలేదు. కానీ ఒక చిక్కు వచ్చి పడింది. సింగిల్స్ ఆడటం ఆమెకు ఇష్టముండేది కాదు. ఒక శిక్షణ శిబిరంలో పెద్ద కోచ్ ఒకాయన పిలిచి, "డబుల్స్ అనేది సింగిల్స్ రానివాళ్లు ఆడుకునేది. నీ చేతిలో బలముంది. ఒంటరిగా ఆడతానంటే శిబిరంలో ఉండు, లేకపోతే ఇంటికి పో," అన్నాడు. పదిహేడేళ్ల మునెమ్మ ఆ సాయంత్రమే సంచీ సర్దుకుంది. పోతూ పోతూ ఆయనతో, "ఐదుగురితో ఆట నేర్చుకున్నదాన్ని సార్. ఇద్దరికి తక్కువైతే నా వల్ల గాదు," అని చెప్పి వచ్చింది. ఆ శిబిరంలో పక్క మంచం పిల్లే మాలతి. ఆ పిల్ల కూడా సంచీ సర్దుకుని వెంట వచ్చేసింది. అట్లా కుదిరింది వాళ్ల జోడీ.

ఇప్పుడు అది తెగిపోయింది.

సింగిల్స్ ఆడేవాళ్లకు ఈ కష్టం ఉండదు. జోడీ పోయిన డబుల్స్ ప్లేయరును టోర్నమెంటు ఆఫీసులో కూచున్న గుమాస్తా కూడా తలెత్తి చూడడు. మునెమ్మ తిరుపతి పోయింది, చిత్తూరు పోయింది, అనంతపురానికి ఉత్తరాలు రాసింది. మంచి ప్లేయర్లందరికీ జోడీలున్నాయి. చిన్నపిల్లలకు ఇరవై నాలుగేళ్ల మనిషి ముసలిది. ముద్దుకృష్ణ మాస్టారే చివరికి, "ఇంగ సాలించమ్మా. పేరు తెచ్చుకున్నావు, అంతే శానా," అన్నాడు.

ఇంటికొచ్చి పశువుల కొట్టం ముందు కూలబడితే తండ్రి ఈరప్ప గడ్డి వేస్తూ అడిగాడు. "యాల అట్ల కూచున్నావు?"

"జోడీ దొరకలేదు నాయనా."

"కాడెద్దుల్లో ఒకటి సచ్చిపోతే ఏం జేస్తాము? ఇంగో ఎద్దును తెచ్చి కట్టి, నాలుగు దినాలు అలవాటు చేసుకుంటాము. సేద్యం ఆపేసి ఏడుస్తా కూచుంటామా?"

"సరైన ఎద్దు దొరకల్ల గదా."

"సంతలోకి పోనిదే యాడ దొరుకుతాది? పోయి సంతలో నిలబడు."

*

మునెమ్మ నిలబడిన సంత మదనపల్లెలోని మిత్రమండలి క్లబ్బు. ఊళ్లోని డాక్టర్లు, అంగళ్ల యజమానులు, లాయర్లు పొద్దునా సాయంత్రం షటిల్ ఆడే చోటది. పైన రేకులు, కింద చెక్క నేల, రెండు కోర్టులు. వాళ్లకు మార్కరు కావాలని తెలిసి పోయింది. క్లబ్బులో మార్కరంటే హాలు తెరిచి ఊడ్చే మనిషి, నెట్టు కట్టే మనిషి, తెగిన బ్యాట్లకు గట్టు తీగ అల్లే మనిషి, మెంబర్లకు నాలుగో చెయ్యి తక్కువైతే వచ్చి ఆడే మనిషి. అంతవరకూ ఆడవాళ్లెవరూ ఆ పనికి రాలేదు. సెక్రటరీ రంగప్ప, రిటైరైన ఇంజనీరు, ఆమెను ఎగాదిగా చూసి, "ఆడగలవా?" అన్నాడు. మునెమ్మ ఆయన్నే కోర్టులోకి పిలిచింది. పది నిమిషాల తర్వాత ఆయన కుర్చీలో కూచుని మంచినీళ్లు తాగుతూ హాలు తాళాలు ఇచ్చేశాడు.

రెండేళ్లు ఆ పని చేసింది. అందులో సిగ్గుపడాల్సిందేమీ ఆమెకు కనిపించలేదు. రోజుకు ఆరు గంటలు చేతిలో బ్యాటుంటుంది. డాక్టరు గారి బొజ్జకు కాక్ అందేలా నెమ్మదిగా వేస్తూనే, అది సరిగ్గా గీత మీద పడేలా వేయటం నేర్చుకుంది. అందరూ ఇళ్లకు పోయాక గోడకు కొట్టుకుంటూ ఒంటరిగా సాధన చేసేది. మాలతి, రేవతి ఎక్కడెక్కడ గెలిచారో పేపర్లో చదివేది. చదివి, ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి, తడి ఆరని కిటికీ అంచుల మీద పరిచేది.

పొద్దున ఆరు గంటలకు వచ్చే మెంబర్లలో శాంతకుమారి అని ఒకావిడ ఉండేది. భర్త లక్ష్మీపతికి బజారు వీధిలో బట్టలంగడి. ముప్పై ఎనిమిదేళ్లు, ఇద్దరు పిల్లలు, పెద్దవాడు కాలేజీ. చుడీదారు మీద దుపట్టా నడుముకు బిగించి మగవాళ్లతో సరిసమానంగా ఆడేది. పరుగు తక్కువ. కానీ ఆవిడ నెట్ దగ్గర నిలబడితే ఒక వింత జరిగేది. అవతలివాళ్లు ఎటు కొట్టబోతున్నారో ఆవిడ బ్యాటు ముందే అక్కడికి చేరి ఉండేది. ఆవిడ పరిగెత్తదు, కాకే ఆవిడ దగ్గరికి వస్తుంది.

ఒకరోజు మునెమ్మ ఉండబట్టలేక అడిగింది. "మేడమ్, మీరు ముందు యాడన్నా ఆడినారా?"

"తిరుపతిలో చదివేటప్పుడు. యూనివర్సిటీ టీములో రెండేండ్లు డబుల్స్ ఆడినా. పెండ్లికి ముందు," అంది శాంతకుమారి, గట్టు సడలిన బ్యాటు చేతికిస్తూ. "కప్పులన్నీ పుట్టింటి అటకమీద ఉండాయి. మా వదిన చింతపండు పెట్టుకుంటాదని విన్నా."

ఇద్దరూ నవ్వారు. మునెమ్మ ఆ రోజంతా వేరే ధ్యాసలో ఉండిపోయింది.

*

2003 ఆగస్టులో క్లబ్బు పెట్టి ఇరవై ఐదేళ్లు అవుతుంది. ఆ సందర్భంగా దక్షిణాది రాష్ట్రాలకు ఓపెన్ టోర్నమెంటు పెట్టాలని నిర్ణయించారు. నోటీసు బోర్డు మీద కాగితం అంటించింది మునెమ్మే. ఆడవాళ్ల డబుల్స్‌లో మొదటి సీడు మాలతి, రేవతి.

మరుసటి పొద్దున శాంతకుమారి కాళ్లకు బూట్లు కట్టుకుంటుంటే ఎదురుగా వచ్చి నిలబడింది. "మేడమ్, మనమిద్దరం పేరిస్తాము."

"దేనికి?"

"ఓపెన్ డబుల్స్ కి."

శాంతకుమారి తాడు వదిలేసింది. "నీకేమన్నా పిచ్చా? నాకు ముప్పై ఎనిమిదేండ్లు. వాళ్లు నా కొడుకు ఈడు పిల్లోళ్లు."

"నేను రెండేండ్లుగా మీకి కాక్ ఏస్తాండాను. నెట్ కాడ మీ మాదిరి చూసే మనిషిని మద్రాసులో కూడా చూడలేదు. మీరు నిలబడండి. పరిగెత్తేది నేను పరిగెత్తుతా."

"ఇంట్లో నవ్వుతారు."

"నవ్వనీండి."

శాంతకుమారి తాడు గట్టిగా లాగి ముడివేసింది. "ఒగ మాట. నన్ను మేడమ్ అని పిలిచే దానితో నేను జోడీ ఆడను."

"సరే అక్కా."

పేర్లు రాసిన కాగితం రంగప్ప దగ్గరికి పోతే ఆయన దాన్ని బల్ల మీద వెనక్కి తోశాడు. ఆయన గది గోడకు క్లబ్బు నిబంధనల బోర్డు ఉంది. పన్నెండో నిబంధన మీద వేలు పెట్టాడు. క్లబ్బు జీతగాళ్లు క్లబ్బు నిర్వహించే పోటీల్లో పాల్గొనరాదు.

"ఇది ఎప్పటి నుంచో ఉండే రూలు. అమ్మా, మీకు తెలియంది గాదు," అన్నాడు శాంతకుమారితో. మునెమ్మ వైపు చూడనే లేదు. "మీకు ఆడాలని ఉంటే నేనే మంచి పార్టనర్ని చూస్తా. ఇన్నేళ్ల మెంబరు, మార్కరుతో కలిసి దిగితే పదిమందిలో ఏం బాగుంటాది చెప్పండి?"

శాంతకుమారి నోరు తెరిచేలోపే మునెమ్మ నడుముకున్న తాళాల గుత్తి తీసింది. హాలు తాళం, స్టోరు తాళం, నీళ్ల మోటారు తాళం. మూడూ ఆ కాగితం మీద పెట్టింది.

"ఇప్పుడు నేను మార్కర్ని గాదు సార్. చౌడేపల్లె ఈరప్ప కూతుర్ని. ఓపెన్ టోర్నమెంటు అన్నారు. ఓపెన్ అంటే ఎవురైనా ఆడొచ్చు."

రంగప్ప ముఖం ఎర్రబడింది. "టోర్నమెంటు అయినాక మళ్లా ఉద్యోగమని రావద్దు."

"రాను."

"ఈ రోజు నుంచి హాల్లో ప్రాక్టీసు కూడా లేదు."

"నాకూ లేదు అనుకోండి అయితే," అంది శాంతకుమారి. "కాగితం తీసుకోండి రంగప్ప గారూ. రూలు ప్రకారం ఇంగ అభ్యంతరమేమీ లేదు గదా?"

బయటికొచ్చాక మునెమ్మకు సంగతి తెలిసొచ్చింది. రెండేళ్ల ఉద్యోగం రెండు నిమిషాల్లో పోయింది. సంతోషమో భయమో తెలియక మెట్ల మీద కూచుండిపోయింది. శాంతకుమారి పక్కనే కూచుని, "ఇంగ యాడ ఆడదాం?" అని అడిగింది.

*

శాంతకుమారి పుట్టింటివాళ్లది పుంగనూరులో చింతపండు వ్యాపారం. ఆగస్టుకల్లా గోడౌన్లలో సరుకు పలచబడుతుంది. తమ్ముణ్ణి అడిగి ఒక గోడౌను ఖాళీ చేయించింది. సిమెంటు నేల మీద సున్నంతో గీతలు గీశారు. చింతపండు పులుపు గోడల్లోకి ఇంకిపోయి ఉంది. ఊపిరి పీల్చితే నోట్లో నీళ్లూరేవి. ఎన్నిసార్లు ఊడ్చినా నేల మీద ఎక్కడో ఒకచోట బూటు అతుక్కునేది.

అన్నిటికంటే పెద్ద చిక్కు పైకప్పు. దూలాలు చాలా కిందికి ఉన్నాయి. కాక్ కొంచెం ఎత్తుగా వేస్తే దూలానికి తగిలి కింద పడేది. మొదటి రోజు మునెమ్మ విసుగుతో బ్యాటు విసిరికొట్టబోయింది.

"ఆగు," అంది శాంతకుమారి నడుం మీద చెయ్యి పెట్టుకుని పైకి చూస్తూ. "ఎత్తుగా ఏస్తే ఏమైతాది? వాళ్లు స్మాష్ కొడతారు. నేను అందుకోలేను. అందుకే ఎత్తుగా ఏసేదే వద్దు. అంతా నెట్ మీద రాసుకుంటా పోవల్ల. ఈ దూలాలే మనకి కోచ్ అనుకో."

ఇరవై ఆరు రోజులు అట్లాగే ఆడారు. ఎత్తుగా వేసేది లేదు. కాక్ నెట్టుకు జానెడు పైన, బాణంలా పోవాలి. గోడౌనులో మూటలు మోసే మనుషుల్లో ఇద్దరు ఒకప్పుడు బాల్ బ్యాడ్మింటన్ ఆడినవాళ్లే. వాళ్లు అవతలి పక్క నిలబడి, బస్తాలు విసిరే చేతులతో కాక్ మీద విరుచుకుపడేవాళ్లు. శాంతకుమారి మోచేతులు వాచాయి. రోజూ మధ్యాహ్నం బస్సులో మదనపల్లె పోయేసరికి లక్ష్మీపతి అంగట్లో ఒంటరిగా చీరల గుట్టల మధ్య ఉండేవాడు.

"అంగడి ఎవురు చూస్తారు?" అన్నాడు ఒకనాడు.

"నువ్వు చూస్తా ఉండావు గదా."

"ఊరంతా అడుగుతాండారు, మీ ఇంటామె చింతపండు గోడౌన్లో యాల ఎగురుతాండాదని."

"ఏం చెప్పినావు?"

లక్ష్మీపతి బట్ట కొలిచే మీటరు కర్రతో తల గోక్కున్నాడు. "చూసేదానికి రండి, తెలుస్తాది అని చెప్పినా," అన్నాడు.

*

టోర్నమెంటు మూడు రోజులు. మొదటి రెండు రౌండ్లలో ఎదురైన కాలేజీ పిల్లలకు ఏం జరుగుతోందో అర్థమయ్యేలోపే ఆట అయిపోయింది. సెమీఫైనల్లో నెట్టుకు అవతల మాలతి నిలబడింది.

మూడేళ్లలో ఒళ్లు గట్టిపడింది మాలతికి. కంపెనీ బట్టలు, కంపెనీ బ్యాట్లు. చేతులు కలిపేటప్పుడు, "బాగుండావా?" అని అడిగింది. మునెమ్మ తలూపింది.

హాలు నిండిపోయింది. అప్పట్లో సర్వీసు చేతిలో ఉన్నప్పుడే పాయింటు వచ్చేది, పదిహేను పాయింట్లకు ఒక గేము. మునెమ్మకు మాలతి ఆటలో ప్రతి సందూ తెలుసు. ఎడమ తుంటి మీదికి కొడితే చెయ్యి ఆలస్యంగా తిరుగుతుంది. అందుకే వచ్చిన ప్రతి కాకునూ అక్కడికే, ఒళ్లంతా బిగించి కొట్టింది. కొన్ని తగిలాయి. చాలా వరకు నెట్టులోకో, గీత అవతలికో పోయాయి. రేవతిని ఎవరూ పట్టించుకోకపోవటంతో ఆ పిల్ల తీరిగ్గా పాయింట్లు చేసుకుపోయింది. మొదటి గేము పదిహేను ఏడుతో పోయింది.

కోర్టు మారేటప్పుడు శాంతకుమారి మునెమ్మ భుజం పట్టి తనవైపు తిప్పుకుంది.

"నువ్వు ఆ పిల్లతో ఆడతాండావు. ఈ గేమంతా ఒకసారి కూడా నన్ను చూడలేదు. నేను ఈడ ఉండాను. నాతో ఆడు."

మునెమ్మకు ముఖం మీద నీళ్లు కొట్టినట్టయింది. నిజమే. తను మూడేళ్ల కింద విరిగిన జోడీలోనే ఇంకా ఆడుతోంది. అవతలి పక్క నిలబడిన మనిషి మీద కోపమూ, ఆ మనిషి కోసం ఎదురుచూపూ, రెండూ కలిపి బ్యాటులో పెట్టి కొడుతోంది. తన ముందు నెట్ దగ్గర నిలబడి ఉన్నది వేరే మనిషి. మోచేతులు వాచిపోయి, బట్టలంగడి వదిలేసి, ఊరు నవ్వుతుంటే వచ్చి నిలబడిన మనిషి.

"సరే అక్కా," అంది. "రాసుకుంటా పోదాం."

రెండో గేము నుంచి కాక్ నెట్టుకు జానెడు కంటే పైకి లేవలేదు. ఎత్తుగా వస్తే పగలగొట్టడానికి రేవతి కాచుకుని ఉంది. ఎత్తుగా ఒక్కటీ రాలేదు. మునెమ్మ వెనక నుంచి నేలబారుగా తోస్తుంది. వాళ్లు ఎట్లా తిప్పి కొట్టినా శాంతకుమారి బ్యాటు ముందే అక్కడ ఉంటుంది. చిటికెడు తాకితే చాలు, కాక్ నెట్టు అంచు మీద నుంచి జారి అవతల పడుతుంది. హాల్లో మొదట నవ్వినవాళ్లు మాట్లాడటం మానేశారు. రెండో గేము పదిహేను పన్నెండు.

మూడో గేము పదకొండు పదకొండు దగ్గర శాంతకుమారి కుడి పిక్క పట్టేసింది. ఒక్క క్షణం కిందికి వంగి, లేచి, "సర్వీస్ చెయ్," అంది పళ్లు బిగబట్టి. మునెమ్మ వరసగా నాలుగు పాయింట్లు సర్వీసు చేసింది. ఆఖరిది చాలా పొడుగాట. ముప్పై సార్లు పైగా కాక్ అటూ ఇటూ తిరిగింది. చివరికి మాలతి ఎత్తుగా లేపక తప్పలేదు. మునెమ్మ ఇరవై ఆరు రోజులుగా కొట్టని స్మాష్ ఒక్కటి కొట్టింది. అది మాలతి వైపు కాదు, ఇద్దరి మధ్య ఖాళీ నేలకు.

లక్ష్మీపతి కుర్చీ మీద నిలబడి అరుస్తున్నాడు. మునెమ్మ వెళ్లి శాంతకుమారిని ఎత్తుకున్నంత పని చేసింది.

బయట నీళ్ల కుండ దగ్గరికి మాలతి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నా మీద కోపంగా ఆడినావు గదా?"

"మొదటి గేము కోపంగా ఆడినా. ఓడిపోయినా," అంది మునెమ్మ. "ఆ తర్వాత ఆట ఆడినా."

మాలతి కొంచెం నవ్వింది. "మా నాయన ఇప్పుడు బాగుండాడు. నిన్ను అడుగుతా ఉంటాడు."

"కుప్పం వచ్చినప్పుడు చూస్తాలే," అంది మునెమ్మ. అనేసరికి, అది ఊరికే అన్న మాట కాదని ఆమెకే తెలిసింది.

*

ఫైనల్ మరుసటి రోజు పది గంటలకు. హైదరాబాదు జోడీ. పొద్దున శాంతకుమారి మంచం దిగలేకపోయింది. పిక్క రాయిలా ఉంది. క్లబ్బు మెంబరే అయిన డాక్టరు చూసి, పరిగెత్తితే కండరం చీలుతుందన్నాడు. రంగప్ప స్వయంగా ఇంటికి వచ్చాడు.

"ఇంతవరకు వచ్చినారు, చాలా గొప్ప. వాకోవర్ ఇచ్చేయండి. రన్నరప్ కప్పు ఎట్లాగూ మీదే. ఆడకుండానే గౌరవంగా తీసుకోండి."

మునెమ్మ శాంతకుమారి వైపు చూసింది. కాలు అక్కది. అక్కే చెప్పాలి.

"డాక్టరు గారూ, పరిగెత్తితే గదా చీలేది?" అంది శాంతకుమారి. "నిలబడితే?"

"నిలబడితే ఏం కాదు. నొప్పి ఉంటుంది."

"అయితే నిలబడతా. మునెమ్మా, వెనకంతా నీదే."

"ఎట్లాగైనా ఓడిపోతారమ్మా," అన్నాడు రంగప్ప.

"ఓడించమనండి," అంది మునెమ్మ. "వాళ్లు వచ్చి మమ్మల్ని ఓడించల్ల. మేమే పోయి ఓడిపోయినామని కాగితం రాసిచ్చేది లేదు."

ఆడారు. శాంతకుమారి నెట్ దగ్గర నాటిన గుంజలా నిలబడింది. చెయ్యి అందినంత మేరా ఏ కాకునూ పోనివ్వలేదు. మిగతా కోర్టంతా మునెమ్మ ఒక్కతే తిరిగింది. రెండుసార్లు పడింది, మోకాలి చిప్ప దగ్గర తోలు లేచింది. పదిహేను ఆరు, పదిహేను తొమ్మిది. ఓడిపోయారు. హైదరాబాదు పిల్లలు నెట్టు దాటి వచ్చి శాంతకుమారిని చెరో పక్కా పట్టుకుని కుర్చీ దాకా నడిపించారు. హాల్లో చప్పట్లు ఆగటానికి చాలాసేపు పట్టింది.

బహుమతులయ్యాక రంగప్ప మునెమ్మను పక్కకు పిలిచాడు. చేతిలో ఆ మూడు తాళాలున్నాయి. "ఏదో కోపంలో అన్నా. నువ్వు లేకుంటే హాలు హాలు మాదిరి లేదు. రేపటి నుంచి వచ్చేయ్."

మునెమ్మ తాళాలు చూసింది. ఆశ కలగలేదని కాదు. రేపు పొద్దున ఎక్కడికి పోవాలో ఆమెకు నిజంగానే తెలియదు.

"పన్నెండో రూలు కొట్టేస్తారా సార్?"

"అది కమిటీ చూడల్ల. నా చేతిలో లేదు."

"అయితే తాళాలు కూడా మీ చేతిలోనే పెట్టుకోండి సార్," అని చెప్పి శాంతకుమారికి భుజమివ్వటానికి పోయింది.

*

ఆ నిబంధన తీసేయాలని శాంతకుమారి ఆ ఏడాది సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెట్టింది. వీగిపోయింది. మరుసటి ఏడాది మళ్లీ పెట్టింది, నెగ్గింది. అప్పటికి మునెమ్మకు దానితో పని లేదు. పుంగనూరు గోడౌనులోనే పొద్దున పూట చౌడేపల్లె, పెద్దపంజాణి పిల్లలకు ఆట నేర్పుతోంది. ఎవరైనా సింగిల్స్ నేర్పమంటే నేర్పేది. అయితే మొదటి నెల మాత్రం అందరూ జోడీలుగానే ఆడాలని పట్టుబట్టేది.

ఆమె, శాంతకుమారి కలిసి ఇంకో రెండేళ్లు తిరిగారు. కర్నూలులో మొదటి రౌండులోనే ఓడారు. సేలంలో గెలిచారు. 2005లో విజయవాడలో జరిగిన ఓపెన్ టోర్నమెంటులో కప్పు కొట్టారు. ఆ కప్పు అటక మీదికి పోలేదు. లక్ష్మీపతి దాన్ని బట్టలంగట్లో, పట్టుచీరల బీరువా పైన పెట్టి, చీర కొనని వాళ్లకు కూడా చూపించేవాడు. ఆ మరుసటి ఏడాది శాంతకుమారి మోకాళ్లు ఒప్పుకోలేదు. ఆవిడే ఒక సాయంత్రం గోడౌనుకు వచ్చి, చెక్క పెట్టె మీద కూచుని, "ఇంగ నా వల్ల గాదే," అని చెప్పింది. ఇద్దరూ ఏడ్చారు. ఏడ్చి, చాయ్ తాగారు.

"ముప్పై ఏండ్లు వచ్చినాయి నీకు. నువ్వేం జేస్తావు?" అంది శాంతకుమారి.

"ఆడతా."

"ఎవురితో?"

మునెమ్మ కోర్టులో పిల్లల వైపు చూసింది. పెద్దపంజాణి నుంచి వచ్చే అశ్విని అనే పదహారేళ్ల పిల్ల ఎడమచేతి వాటం. ఓడితే ఏడవదు, గెలిచినవాళ్లను గుర్రుగా చూస్తుంది.

రెండు నెలల తర్వాత ఆ పిల్లను తీసుకుని చిత్తూరు టోర్నమెంటుకు పోయింది. మొదటి రౌండులోనే ఓడిపోయారు, అదీ ఇరవై నిమిషాల్లో. స్టేడియం మెట్ల మీద అశ్విని ముఖం మోకాళ్లలో పెట్టుకుని కూచుంది.

"నా వల్లే పోయింది మేడమ్. మీకి నేను సరిపోను."

"నన్ను అక్కా అను," అంది మునెమ్మ, ఆ పిల్ల బూటు తాడు బిగించి కడుతూ. "వచ్చే వారం మదనపల్లెలో ఇంగో టోర్నమెంటు ఉండాది. పేర్లు ఇచ్చేసినా. లే, బస్సుకి టైమైంది."